సున్నం కింద అక్షరాలు

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. స్టూడియోలో కెమెరా పట్టిన కాలమంతా ఎదుటివాడి ఫోటో బాగుంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. బాగా లేకపోతే ఒక ముద్ద ఎక్కువ తినేవాణ్ణి. రిటైరైతే ఈ జబ్బు వదులుతుందనుకున్నాను. వదల్లేదు. మొన్న మా వీధి కుర్రాడెవరో సెల్‌ఫోన్‌తో కాలువ మీద సూర్యాస్తమయం తీసి చూపిస్తే, బాగుందని చెప్పడానికి నాకు కాస్త టైం పట్టింది.

కెమెరా పని నేర్చుకునే మీలాంటి వాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని ఫోటో ఏదండీ అని అడుగుతుంటారు. ఏ మంత్రిగారి పెళ్ళి గురించో, సినిమావాళ్ళ గురించో చెబుతానని మీ ఆశ. నేను చెప్పేది ఒక సమాధి రాయి గురించి. నేను తీసిన వాటిలో అంత మంచి ఫోటో ఇంకోటి లేదు. అది ఇంతవరకు ఏ గోడకీ ఎక్కలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఏలూరులో మా స్టూడియోకి మంచి పేరుండేది. ఓనరుగారు కౌంటర్లో కూర్చునేవారు. నేను మెయిన్ కెమెరా. పెళ్ళిలో ముహూర్తం వేళ పీటల ముందు నిలబడే హక్కు మెయిన్ కెమెరా వాడిది. రెండోవాడు వెళ్ళి భోజనాల బంతులు తీసుకోవాలి. ఆ బంతులు తీయడానికి తాడేపల్లిగూడెం నుంచి ఒకడు వచ్చి చేరాడు. ఫిల్ము ఎక్కించడం దగ్గర నుంచి, పెళ్ళికూతురు తల వంచినప్పుడు ఎక్కడ నిలబడాలో అన్నదాకా వాడికి నేర్పింది నేనే. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు.

మనిషి చెడ్డవాడైతే నాకెంతో సుఖంగా ఉండేది. వాడు చెడ్డవాడు కాదు. నా స్టాండు వాడే మోసేవాడు. మా ఇంటికొస్తే మా ఆవిడ కాఫీ మెచ్చుకుని, తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించేవాడు. "ఎంత నెమ్మదస్తుడండీ ఆ అబ్బాయి" అనేది మా ఆవిడ. నేను నెమ్మదస్తుణ్ణి కానని ఆ మాటలో ఉందా లేదా అని నేను చాలాసేపు ఆలోచించేవాణ్ణి.

అంతలో డిజిటల్ కెమెరాలు దిగాయి. ఓనరుగారు ఒకటి కొని తెచ్చి వాడి చేతిలో పెట్టారు. "మీరు ఫిల్ముకి అలవాటు పడిపోయారు కదండీ. కుర్రాడైతే తొందరగా పట్టుకుంటాడు" అన్నారు. నా కెమెరాలో బొమ్మ చూడాలంటే డార్క్ రూమ్ దాకా ఆగాలి. వాడిది అక్కడికక్కడే కెమెరా వీపు మీద కనిపిస్తుంది. ఆ తరువాత జరిగిన ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తల్లి, పీటల మీద కూతుర్ని వదిలేసి, నన్ను దాటుకుని వెళ్ళి వాడి భుజం మీదుగా తొంగి చూసింది. నాకు కడుపులో మంట మొదలైంది అక్కడే.

ఒకరోజు కలిదిండి వైపు చేపల చెరువులున్న ఒకాయన స్టూడియోకి వచ్చాడు. ఏలూరులో కొత్త ఇల్లు కట్టుకున్నాడట.

"హాల్లో మా పెద్దల ఫోటోలు పెట్టాలండి. మాకేమో ఫోటోలు లేవండి. సమాధులే ఉన్నాయండి" అన్నాడు.

వాళ్ళది మిషనరీల కాలం నుంచి వస్తున్న క్రైస్తవ కుటుంబం. బడిపంతుళ్ళు, సంఘపెద్దలు, ఒక నర్సు. ముత్తాత మొదలుకుని తండ్రి దాకా అందరూ ఊళ్ళోని పాత సమాధుల తోటలోనే ఉన్నారు. ఆ రాళ్ళన్నిటికీ విడివిడిగా ఫోటోలు తీసి, ఒకే పెద్ద ఫ్రేములో కట్టి, ఇంటి ప్రార్థన కూడిక నాటికి గోడకి ఎక్కించాలి. "ఎంపిక మా అమ్మదండి. ఆవిడకి నచ్చితే నాకు నచ్చినట్టే" అని చెప్పి వెళ్ళాడు.

ఓనరుగారు మా ఇద్దరినీ పిలిచారు. "ఎవరి కెమెరాతో వాళ్ళు తియ్యండి. ఎవరి ఫోటోలు ఆ గోడెక్కితే, ఈ సీజన్ పెళ్ళిళ్ళకి వాళ్ళే మెయిన్ కెమెరా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆయన నవ్వుతూ అన్న మాటలే మా స్టూడియోలో అమలయ్యేవి.

మేము వెళ్ళేటప్పటికి సమాధుల పండుగ అప్పుడే అయింది. నవంబరు మొదట్లో వస్తుంది అది. కుటుంబాలన్నీ వచ్చి గడ్డి పీకి, సమాధులకి సున్నం వేసి, చెక్కిన అక్షరాల మీద నల్లరంగు దిద్దించి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తోటంతా తెల్లగా మెరిసిపోతోంది. రాళ్ళ మీద మైనం ఇంకా అంటుకునే ఉంది. ఒక మేక తీరిగ్గా బంతిపూల దండ నములుతోంది.

మావాడు పొద్దున్నే పని మొదలుపెట్టి చకచకా ముగించేశాడు. "అయిపోయిందండీ గురువుగారూ. పదండి, టిఫిన్ చేద్దాం" అన్నాడు. వాడి కెమెరా వెనక చూశాను. తెల్లటి సున్నం, పసుపు పూలు, నీలం ఆకాశం. చూడగానే ఎవరికైనా నచ్చుతాయి. నాకు ఒళ్ళు మండింది.

ఇక్కడ మా పనిలోని కిటుకు ఒకటి చెప్పాలి. ఆ తోటలో రాళ్ళన్నీ తూర్పుముఖంగా ఉంటాయి. పొద్దుటి ఎండ సూటిగా రాయి ముఖాన కొడుతుంది. రంగులు బాగుంటాయి కానీ చెక్కిన అక్షరానికి లోతు తెలియదు. నల్లరంగు దిద్దిన అక్షరం కనిపిస్తుంది, దిద్దనిది లేనట్టే. అదే మిట్టమధ్యాహ్నమైతే సూర్యుడు దక్షిణం పక్కకి చేరి, ఎండ రాయి ముఖాన్ని గీరుకుంటూ పోతుంది. అప్పుడు ప్రతి గీతకీ నీడ పడుతుంది. పెళ్ళిళ్ళలో మేము ఆ ఎండకి దూరంగా పారిపోతాం. రాతికి మాత్రం అదే కావాలి. ఈ ఒక్క సంగతీ వాడికి నేను నేర్పలేదు. కావాలనే నేర్పలేదు.

వాణ్ణి టిఫిన్‌కి పంపించేసి నేను నెత్తిన తువ్వాలు వేసుకుని కూర్చున్నాను. ఎండ పక్కకి తిరిగేకొద్దీ ఒక్కో రాయీ మాట్లాడటం మొదలుపెట్టింది. చివరిగా ఆ చేపల చెరువులాయన తండ్రి రాయి దగ్గరికి వచ్చాను. నల్లరంగుతో పేరు, తేదీలు, ఒక బైబిలు వాక్యం. వాటి కింద నున్నగా, ఖాళీగా తెల్లటి జాగా. స్టాండు సర్దుకుని చూసేసరికి ఆ ఖాళీలో వెంట్రుకంత సన్నంగా నీడలు లేస్తున్నాయి. కింద అక్షరాలున్నాయి. సున్నం ఎండి, ఆ గుంటల్లోకి కొద్దిగా కుంగింది. కళ్ళు చిట్లించి చదివాను. తన ప్రియ భార్య ప్రక్కన ప్రభువునందు నిద్రించుచున్నాడు.

నా ఆనందం చెప్పలేను. సున్నం వేసేవాళ్ళ అజాగ్రత్త వల్ల ఎన్నేళ్ళుగానో పూడిపోయిన వాక్యాన్ని నేను బయటికి తీశాను. వాడి కెమెరాకి అది కనబడనే లేదు. ఆ రాయికి కుడిపక్కన ఒక స్త్రీ సమాధి ఉంది. ఎంపిక చేయవలసిన అమ్మగారు ఇంట్లో నిక్షేపంగా బతికి ఉన్నారు, మరి ఈ ప్రియ భార్య ఎవరు అని నాకు తట్టాలి. తట్టలేదు. నా తల నిండా మావాడే ఉన్నాడు. ఇక వాడు భోజనాల బంతుల్లో సాంబారు బకెట్లు తీసుకోవలసిందే అనుకుంటూ క్లిక్కుమనిపించాను.

బ్లాక్ అండ్ వైట్లో ప్రింట్లు నేనే వేశాను. వాడు రంగుల ప్రింట్లు తెప్పించుకున్నాడు. ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్ళాం. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. హాల్లో ఫ్రేము కోసం మేకులు కూడా కొట్టి ఉంచారు. అబ్బాయి చెరువుల మీదికి వెళ్ళాడు, పక్క గదిలో అమ్మగారు ఒక్కరే ఉన్నారు. రిటైరైన టీచరు. తెల్ల చీర, కళ్ళజోడు, పరీక్ష పేపర్లు దిద్దే మనిషి కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. రెండు కట్టలూ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పుతున్నారు. నా కట్టలో ఆ ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆగుతుందని నాకు తెలుసు. పొగడ్త కోసం సర్దుకుని కూర్చున్నాను.

"బాబూ, నువ్వెళ్ళి హాల్లో గోడ కొలత చూసి రా" అని మావాణ్ణి పంపించారు. తరువాత ఆ ఫోటో నా వైపు తిప్పి, కింది వాక్యం మీద వేలు పెట్టారు. "ఇది పైకి చదవండి."

నేను గొంతు సవరించుకుని, ఆరాధనలో వాక్యం చదివినట్టు మొదలుపెట్టాను. "తన ప్రియ భార్య..." అన్నాను. అక్కడ నాకు తట్టింది. మిగతాది నోట్లోనే గొణిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

"పక్క సమాధిలోని ఆవిడ మా అబ్బాయిని కని, వాడు పొత్తిళ్ళలో ఉండగానే పోయారండి. పెంచింది నేను. ఆయనతో నేను చేసినన్నాళ్ళ కాపురం ఆవిడ చెయ్యలేదండి. మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టింది నేనండి. పోయేముందు వాళ్ళన్నయ్యగారిని పిలిచి, రాయి మీద ఇలా చెక్కించమని చెప్పారటండి. రాయి నిలబెట్టాక చూశాను నేను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "బతికున్నన్నాళ్ళూ నా పక్కనే ఉన్నారండి. పోతూ పోతూ ఆవిడ పక్క అని రాయించుకున్నారు."

నేను ఫోటో మీంచి చూపు తీసేశాను.

"ప్రతి పండక్కీ అందరికంటే ముందు వెళ్ళి ఆ వాక్యం సున్నంతో నింపేస్తానండి. నా వేలితో నేనే. రంగు దిద్దే మనిషికి అక్కడ ఏమీ లేదని చెబుతాను. ఎప్పుడో పోయిన మనిషి మీద ఈవిడకి ఇంత ఓర్వలేనితనమేవిటా అనుకుంటున్నారు కదూ?"

"లేదండి" అన్నాను. నిజంగానే అనుకోలేదు. హాల్లో మావాడు టేపు సాగదీస్తూ కూనిరాగం తీస్తున్నాడు. "నాకు బతికున్నవాడి మీదే ఉందండి" అన్నాను.

ఆవిడ హాలు వైపు చూశారు, నా వైపు చూశారు. చిన్నగా నవ్వారు. ఆ ఇంట్లో ఆ పూట నా బాధ అర్థమైన మనిషి ఆవిడొక్కరే.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. "టీచరుగారూ, ఆ ఒక్క రాయికీ వాడిది పెట్టండి. మిగతావన్నీ నావి పెట్టండి" అని బేరమాడాను.

"ఒక్కటి తేడాగా ఉంటే ఎందుకని అడుగుతారండి. పెడితే అన్నీ ఆ అబ్బాయివే పెట్టాలి. నేను సున్నం పెడుతున్న సంగతి మా వాడికి తెలియకూడదండి. ఆ అబ్బాయికి కూడా."

"మరి దీన్ని చింపెయ్యమంటారా?"

"వద్దండి" అని ఫోటో తన ఒడిలోకి తీసుకున్నారు. "బాగా తీశారు."

మావాడు కొలత రాసుకుని వచ్చేసరికి వాడి ఫోటోలు ఎంపికైపోయాయి. వాడి మొహం వెలిగిపోయింది. దారిలో సైకిల్ స్టాండు దగ్గర ఆగి, నన్ను ఓదార్చాడు. "గురువుగారూ, మీవి కూడా బానే ఉన్నాయండి. కాస్త మచ్చలు మచ్చలుగా పడ్డాయి, అంతేనండి." వాడు మచ్చలన్నది నా నీడల్ని. జవాబు నా నాలుక చివర ఉంది. స్టూడియో చేరేదాకా అక్కడే ఉంది. తరువాత కూడా అక్కడే ఉండిపోయింది.

ఆ సీజన్లో వాడు పీటల ముందు నిలబడ్డాడు. నేను భోజనాల బంతులు తీశాను. నోట్లో పప్పన్నం పెట్టుకున్న మనిషిని అందంగా తీయడం ఎవరి తరమూ కాదు. కొన్నాళ్ళకి వాడు తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్‌కి దగ్గర్లో సొంతంగా కలర్ ల్యాబ్ పెట్టాడు. మా స్టూడియో ప్రింట్లు కూడా అక్కడికే వెళ్ళడం మొదలైంది. ఓపెనింగ్‌కి రిబ్బన్ కత్తిరించడానికి టీచరుగారినే పిలిచాడు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు.

మైకు పట్టుకుని, "టీచరుగారు ఆనాడు నా ఫోటోలు ఎంచుకోకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదండి. మా గురువుగారి ఫోటోలు పక్కన పెట్టి మరీ నావి తీసుకున్నారండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూనే నా కాళ్ళు కుర్చీలోంచి లేవబోయాయి. ఆ మైకు ఒక్క నిమిషం నా చేతికొస్తే చాలు. ఎందుకు ఎంచుకున్నారో చెప్పేస్తే వాడి మొహం ఎలా ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. టీచరుగారు కత్తెర చేత్తో పట్టుకుని నా వైపు చూశారు. బతిమాలలేదు. ఊరికే చూశారు. నేను మళ్ళీ వెనక్కి ఆనుకున్నాను. ఎవరో లడ్డూ ఇచ్చారు. లడ్డూ చేదుగా ఉందని చెప్పుకుంటే బాగుండేది గానీ, చాలా బాగుంది. నాకు అదీ కష్టంగానే అనిపించింది.

కొల్లేరులో ప్రభుత్వంవాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశారు కదా, ఆ తరువాత ఒకటి రెండేళ్ళకి టీచరుగారు పోయారు. భర్తకి ఎడమపక్కన జాగా ఉంటే అక్కడే ఉంచారు. కొన్నాళ్ళకి వాళ్ళబ్బాయి స్టూడియోకి వచ్చాడు. పాత నేత చీరలో చుట్టిన నా ఫోటో కౌంటర్ మీద పెట్టి విప్పాడు.

"అమ్మ బీరువాలో చీరల అడుగున దొరికిందండి. మీరు తీసిందేనాండీ?"

తీసుకుని చూశాను. ఫోటో అంతా నిగనిగలాడుతూనే ఉంది. కింది వాక్యం ఉన్నచోట మాత్రం మెరుపు పోయింది. వేలు రాసీ రాసీ అరిగింది. దాచిపెట్టినావిడే తీసి తీసి చూసుకుందన్నమాట. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడల్లా నేను కూడా మావాడి ల్యాబ్ ముందు ఆగి, అద్దాల వెనక వాడు పెట్టిన ఫోటోలు ఒక్కొక్కటే చూసి గానీ కదిలేవాణ్ణి కాదు. ఓర్వలేనివాళ్ళకి ఆ పని తప్పదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఫోటో చూడగానే టీచరుగారు గుర్తొచ్చారు నిజమే, కానీ వెంటనే గోడ కూడా గుర్తొచ్చింది. ఇక దాచవలసిన పనిలేదు. వాడిది దిగుతుంది, నాది ఎక్కుతుంది. "దీన్ని ఇంకా పెద్దది చేసి ఇస్తానండి. నెగెటివ్ నా దగ్గర భద్రంగా ఉంది" అన్నాను, సిగ్గు లేకుండా.

"చూద్దామండి. అమ్మకి రాయి పెట్టించానండి. ఈ పండక్కి మీరు వచ్చి, మూడు రాళ్ళూ కలిసొచ్చేలా ఒక ఫోటో తియ్యాలండి" అన్నాడు.

పండగనాడు పొద్దున్నే వెళ్ళి స్టాండు పెట్టుకున్నాను. తీసేది మధ్యాహ్నమే అని ముందే నిశ్చయించుకున్నాను. నా ఎండ వచ్చాక మూడు రాళ్ళ మీదా అక్షరాలు లేచి నిలబడతాయి. కొత్త రాయి మీద టీచరుగారి పేరు, దాని కింద మా అమ్మ అని రెండే మాటలు ఉన్నాయి. వాళ్ళబ్బాయి లుంగీ పైకి కట్టుకుని, బకెట్లో సున్నం కలిపి, కన్నతల్లి రాయికి వేశాడు, అమ్మ రాయికి వేశాడు, చివరికి తండ్రి రాయికి వేశాడు. అది అయ్యాక బకెట్ అడుగు నుంచి చిక్కటి సున్నం వేలితో తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కింది వాక్యాన్ని ఒక్కో అక్షరమే నింపడం మొదలుపెట్టాడు.

నేను ఉండబట్టలేకపోయాను. "ఏవండీ, అది మీ కన్నతల్లి గురించి రాసింది కదండీ."

"అవునండి."

"అక్కడ అది ఉందని మీకు ముందే తెలుసా?"

"చిన్నప్పుడు ఈ సున్నం బకెట్ మోసింది నేనేనండి. నాకు చదవడం నేర్పింది కూడా అమ్మేనండి. ఆ మాత్రం చదవలేనా?"

"మరి ఇప్పుడు ఆవిడ లేరు కదండీ. ఇంకా ఎందుకండీ?"

ఆయన చెయ్యి ఆపలేదు. "అమ్మకి ఇష్టం ఉండదండి" అన్నాడు. ప్రియ భార్య అన్నచోట ఇంకాస్త సున్నం పెట్టి, వేలితో నున్నగా రాశాడు.

"ఆ ఫోటో ఏం చేశారండీ?"

"బీరువాలో పెట్టేశానండి. అమ్మ పెట్టిన చోటే."

నేను వెళ్ళి స్టాండు దగ్గర నిలబడ్డాను. ఎండకి సున్నం అప్పుడే అంచుల్లో ఆరుతోంది. మధ్యాహ్నానికి పూర్తిగా ఆరి గుంటల్లోకి కుంగుతుంది. నా ఎండ వచ్చి గీరుతుంది. అక్షరాలు మళ్ళీ లేస్తాయి. మధ్యాహ్నం దాకా ఆగకుండా అప్పుడే తీసేశాను. ఎదురెండలో, చప్పగా, సున్నం మెరిసేలా, పూలు పచ్చగా కనిపించేలా తీశాను. కలర్ ఫిల్మే వేశాను. అచ్చు మావాడు తీసినట్టే తీశాను.

ఆ ఫోటో ఇప్పుడు ఆ హాల్లో, వాడి ఫ్రేము పక్కనే ఉంది. క్రిస్మస్‌కి ముందు ఆ ఇంట్లో ప్రార్థన కూడిక పెడితే నన్నూ పిలిచారు, వాణ్ణీ పిలిచారు. వాడు కారులో వచ్చాడు. ప్రార్థన అయ్యాక గోడ దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. తరువాత హాలంతా వినిపించేలా అన్నాడు.

"గురువుగారూ! ఇది మీరు తీసిందాండీ? అచ్చం నేను తీసినట్టే ఉందండి! చివరికి నా దారికే వచ్చారన్నమాట!"

అందరూ నవ్వారు. ఇంటాయన కాఫీ కప్పుల పళ్ళెంతో వస్తూ గుమ్మంలో ఆగిపోయి నా వైపు చూశాడు. అచ్చు వాళ్ళమ్మ చూసినట్టే చూశాడు.

"అవునురా. నీ దగ్గరే నేర్చుకున్నాను" అన్నాను.

వాడు పొంగిపోయి వచ్చి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. నెమ్మదస్తుడు కదా, నా కాఫీ చల్లారిపోయిందని చూసి తన కప్పు నాకిచ్చాడు. కడుపు భగభగ మండుతుండగానే అది తాగాను.